ఈగ పిల్లలు

మా వీధి ఆడవాళ్ళకి తిట్లు బాగా వచ్చు. కుళాయి దగ్గర ఒకరి బిందె ఇంకొకరు జరిపితే చాలు, ఎదుటివాళ్ళ వంశమంతా వీధిలోకి వచ్చేది. మా అమ్మా తక్కువ తినలేదు. కానీ మా ఇంట్లో ఒక్క తిట్టు మాత్రం ఎవరి నోటా రాకూడదు. "పురుగులు పడి పోతావు" అన్న తిట్టు. మా గుమ్మం ముందు ఎవరైనా ఆ మాట అంటే మా అమ్మ చేతిలో చేట ఉండగానే బయటికి దూకేది. కారణం మా అయ్య. ఆయనకి నిజంగానే పురుగులు పడ్డాయి. పడ్డాయి గానీ ఆయన పోలేదు.

ఆ సంగతి ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, నా ఎడమ కాలు వల్ల.

ఇదంతా నేను నోటితో చెబుతున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. సిడ్నీలో, ద పాండ్స్ అనే పేటలో, మా కూతురింటి వెనక వీధిలో ఉండే ఒకమ్మాయి రాస్తోంది. నా యాస తీసేసి పుస్తకం భాషలో పెడతానంది. మాటలు మార్చుకో, సంగతి మాత్రం మార్చకు అన్నాను. నేను చెప్పిందే రాస్తోందో, తనకి నచ్చింది రాస్తోందో నాకెలా తెలుస్తుంది? అందుకే కాగితం నిండినప్పుడల్లా చదివించుకుంటున్నాను.

ఇక్కడ క్రిస్మస్ అంటే మండే ఎండాకాలం. అలాంటి ఒక మధ్యాహ్నం పెరట్లో కరివేపాకు మొక్కకి నీళ్ళు పోద్దామని చెప్పుల్లేకుండా వెళ్ళాను. సిమెంటు నేల పెనంలా కాలుతోందట. నాకు తెలియలేదు. షుగరు వచ్చాక నా పాదాలు మొద్దుబారిపోయాయి, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. సాయంత్రం మా అల్లుడు హాల్లో నిలబడి, "అత్తయ్యగారూ, ఈ టైల్స్ మీద ఎర్రగా ఏంటండీ?" అన్నాడు. అప్పుడు పాదం తిప్పి చూసుకున్నాను. అరికాలి తోలు పొంగి చితికిపోయి ఉంది.

మిగతాదంతా మానింది. చిటికెన వేలి కింద ఉన్న ముక్క మానలేదు. చలికాలం వచ్చేసరికి అక్కడ నల్లబడింది. వాసన మొదలైంది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు గానీ మా అమ్మాయి నా గదిలో అగరొత్తులు ఎక్కువగా వెలిగించసాగింది. నాకు అనుమానం అక్కడే మొదలైంది.

నా భర్తకీ ఇలాగే అయింది. ఊళ్ళో ఉండగా ఆయన బొటనవేలికి రాయి తగిలింది. డాక్టరు "చిన్న డ్రెస్సింగ్" అన్నాడు. వెళ్ళి వచ్చేసరికి వేలు లేదు. తర్వాత "చిన్న క్లీనింగ్" అన్నారు. పాదం లేదు. మూడోసారి మోకాలి దాకా పోయింది. అప్పుడు కూడా ఎవరో కుర్ర డాక్టరు నా భుజం తట్టి "చిన్న ప్రొసీజరేనమ్మా" అన్నాడు. ఆయన బండి మీద పడుకుని లోపలికి వెళుతూ నా వైపు చూశాడు. "ఏటన్నాడే?" అని అడిగాడు. "సిన్నదేనంట" అన్నాను. ఆ తర్వాత ఆయన ఎక్కువ రోజులు బతకలేదు. అప్పటినుంచి డాక్టరు నోట "చిన్న" అన్న మాట వింటే నా గుండె జారిపోతుంది.

చివరికి మా అమ్మాయి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ పాదాలు చూసే డాక్టరమ్మ, ఆమె పక్కన ఒక నర్సు ఉన్నారు. తెలుగు చెప్పే మనిషిని ఫోన్లో పిలుస్తామన్నారు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు అర్థమవుతుంది. మా అమ్మాయి గభాలున, "నో నో, ఐ విల్ ట్రాన్స్‌లేట్" అంది. నేను దాని ముఖం చూశాను. అది నా ముఖం చూడలేదు.

డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. రెండు చేతులతో చిన్న సంచి ఆకారం చూపించింది. మా అమ్మాయి మధ్యమధ్యలో తలూపుతోంది, ఒకసారి ముఖం చిట్లించింది. నాకు తెలిసిన ఇంగ్లీషు మాటల కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. ఆసుపత్రి ఇంగ్లీషులో నాకు తెలిసినవి అయిదారు మాటలు: షుగరు, లెగ్, పెయిన్, ఆపరేషన్, కట్. డాక్టరమ్మ నోట "కట్" అని స్పష్టంగా వినిపించింది. ఒకసారి కాదు, మాటిమాటికీ. ముందు ఇంకేదో పలికి చివర "కట్" అంటోంది.

"ఏటంటందే?" అన్నాను.

"ఏం లేదమ్మా. జస్ట్ చిన్న డ్రెస్సింగ్. కొత్త టైపు."

"కట్ అంటంది గదా."

"కట్ కాదమ్మా! నువ్వు ఊరికే టెన్షన్ పడకు."

"నాకు సెవుడు లేదే."

అది ఇంగ్లీషులోకి తిరిగిపోయింది. కారులో తిరిగి వస్తున్నంతసేపూ నేను నా ఎడమ పాదాన్ని ఒళ్ళో పెట్టుకున్నట్టు రెండు చేతులతో మోకాలు పట్టుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత ఇంట్లో ప్రతిదీ నాకు వేరేగా కనిపించింది. బాత్రూంలో పట్టుకోడానికి కొత్త కడ్డీ బిగించారు. ఎందుకు? పైగదిలో ఉన్న నా మంచం కిందికి దించారు. ఎందుకు? మా అమ్మాయి నాకు ఇష్టమని చేపల పులుసు పెట్టింది. నా భర్త కాలు తీసే ముందురోజు నేనూ ఆయనకి చేపల పులుసే పెట్టాను. ముద్ద నోట్లో పెట్టుకుని దాని వైపే చూస్తూ ఉండిపోయాను.

"బాలేదా అమ్మా?"

"బాగానే ఉంది. ఎందుకొండినావు?"

"పులుసు ఎందుకు వండుతారమ్మా? తినడానికి!"

భోజనాల బల్ల దగ్గర వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో గుసగుసలాడారు. మా అల్లుడు గుంటూరు మనిషి, మంచివాడు, కానీ నెత్తురు చూస్తే తూలిపోతాడు. మా అమ్మాయి ఏదో చెబితే కంచం పక్కకి తోసి "దట్స్ సో గ్రాస్" అన్నాడు. గ్రాస్ అంటే గడ్డి. శనివారం శనివారం ఆయన మిషను పెట్టి కోసేది అదే. కట్, గ్రాస్. గడ్డి కోసినట్టు కోస్తారా? లేక పుండులో గడ్డి పెడతారా? ఆకు పసరు అయితే ఫరవాలేదు, మా ఊళ్ళోనూ పెట్టేవాళ్ళు. కానీ అంత మంచిదయితే దాచడమెందుకు?

"అల్లుడుగారూ, గడ్డి సంగతేంటి?" అని తిన్నగా అడిగేశాను.

నీళ్ళు తాగబోతున్న ఆయనకి పొలమారింది. "గడ్డా? ఏం గడ్డండీ? ఈ వారం కోసేశానండీ!"

ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు. నవ్వేవాళ్ళు కాలు కోయించరులే అని ఒక్క క్షణం అనిపించింది. మళ్ళీ, నన్ను మభ్యపెట్టడానికి నవ్వారేమో అనిపించింది.

తర్వాతి వారం ఆసుపత్రికి బయల్దేరుతుంటే నేను కారు ఎక్కనన్నాను. తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"నాకు తెలుగు మనిషి కావాలి. ఫోన్లో. నువ్వు నోరు మూసుకుని పక్కన కూకోవాలి. అలగైతేనే వస్తాను."

"అమ్మా, నేనున్నాను కదా. నా మీద నీకు నమ్మకం లేదా?"

"నేదు."

మా అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. నేను చలించలేదు. కాలు నాది.

ఆసుపత్రి గదిలో బల్ల మీద ఫోను పెట్టి గట్టిగా వినిపించేలా చేశారు. అవతల ఒకాయన. హైదరాబాదు గొంతు. "నమస్తే అమ్మా. నేను దుబాసీని. డాక్టర్ గారు ఏం చెప్తే అదే చెప్త, ఎక్కువ చెప్ప, తక్కువ చెప్ప" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

డాక్టరమ్మ చెప్పింది. మళ్ళీ అదే మాట, చివర "కట్" వచ్చేది. ఫోన్లో ఆయన ఒక్క క్షణం ఆగాడు.

"అమ్మా, మీ పుండ్ల… చచ్చిపోయిన మాంసం ఉన్నదట. అది తీసేటందుకు అండ్ల క్రిములు పెడ్తరట."

"క్రిములా? ఉన్న క్రిములు సాలవా, కొత్తవి పెట్టడమేటి?"

"అగో, ఆ క్రిములు కావమ్మా. కీటకాలు. కీటకాల… ఎట్ల చెప్పాలె… చిన్న చిన్నవి ఉంటయి కదా."

"సిన్న అనకు బాబూ. పేరు సెప్పు."

"ఈగ పిల్లలమ్మా."

మా అమ్మాయి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"పురుగులా?" అన్నాను.

"ఔనమ్మా, పురుగులే. మాఫ్ చేయండి, పెద్దవాళ్ళకి ఆ మాట చెప్పాలంటే నోరు వస్తలేదు. ఇంగ్లీషుల 'మ్యాగట్స్' అంటరు."

మ్యాగట్. నేను ఇన్నాళ్ళూ కట్ అని విన్నది ఇదన్నమాట. అల్లుడుగారి 'గ్రాస్' కూడా గడ్డి కాదట, అసహ్యమని అర్థమట, తర్వాత తెలిసింది.

"కాలు కోయరా అయితే?"

ఆయన డాక్టరమ్మని అడిగాడు. ఆమె నా కళ్ళలోకి చూస్తూ చెప్పింది. ఫోన్లో ఆయన మాట మాటా తెలుగులో చెప్పాడు. "కోయకుండ ఉండేటందుకే ఇది చేస్తున్నరట. పని చేస్తదని గ్యారంటీ లేదట. పని చేయకపోతే చిటికెన వేలు, దాని పక్క వేలు తీయాల్సి రావొచ్చట. అంతకంటే పైకి పోతదని ఇప్పుడైతే అనుకుంటలేరట."

నా భర్త విషయంలో ఈ మాట ఇలా ఎవరూ చెప్పలేదు. నా గుండె దడ తగ్గింది. రెండు వేళ్ళు పోతాయన్న మాట విని దడ తగ్గడమేమిటని మీరు నవ్వుకోవచ్చు.

మా అమ్మాయి వైపు తిరిగాను. "దీనికా ఇన్నాళ్ళు దాసినావు?"

"ఆ మాట నీ ముందు ఎలా అనను అమ్మా?" అని అది ఏడుపు అందుకుంది. "చిన్నప్పుడు వీధిలో పిల్లలతో కొట్లాడి ఒక్కసారి అన్నానని అమ్మమ్మ నన్ను చేటతో కొట్టలేదా? 'మన ఇంట ఆ మాట అనకూడదు' అని నువ్వే కదా నన్ను గుమ్మంలో నిలబెట్టి లెంపలు వేయించావు? ఇప్పుడు నీ కాలికి పురుగులు పెడతారమ్మా అని నేనెలా చెప్పను!"

అది నిజం. ఆ మాట ఎందుకు అనకూడదో మాత్రం దానికి ఎవరూ చెప్పలేదు. మా అమ్మ ఆ కథ కూడా చెప్పనిచ్చేది కాదు. డాక్టరమ్మ, నర్సు, ఫోన్లో ఆయన వింటూ ఉండగా ఆ రోజు ఆసుపత్రి గదిలోనే చెప్పాను. ఆయన నా మాటల్ని అటు ఇంగ్లీషులోకి చేరవేస్తూ మధ్యలో తనే "అల్లా!" అన్నాడు.

మా అయ్య బర్మా యుద్ధంలో స్ట్రెచర్లు మోసేవాడు. మా చెల్లెమ్మ, నేను ఆయన తిరిగొచ్చాక పుట్టినవాళ్ళం. ఆయన చెప్పిన దాంట్లో తుపాకుల సంగతి తక్కువ. ఎక్కువ వాన, బురద, జలగలు, జ్వరం. తూటాకి పడినవాళ్ళకంటే జ్వరానికీ రక్త విరేచనాలకీ పడినవాళ్ళే ఎక్కువట. జ్వరం రాకుండా రోజూ పసుపు పచ్చని బిళ్ళ ఒకటి ఇచ్చేవారు. అది మింగితే ఒళ్ళు పచ్చబడేది. మగతనం పోతుందని, పిల్లలు పుట్టరని గుడారాల్లో ఒకటే పుకారు. మా అయ్యకి అనుమానం జాస్తి. నాలుక కింద దాచి, నోరు తెరిచి హవల్దారుకి చూపించి, అవతలికి వెళ్ళి ఉమ్మేసేవాడట. దాంతో చలిజ్వరం పట్టుకుంది. ఊరికి వచ్చాక కూడా వానాకాలం వస్తే మంచం కోళ్ళు ఊగేలా వణికేవాడు. మా అమ్మ దుప్పట్ల మీద దుప్పట్లు కప్పుతూ, "ఆ బిల్లేదో మింగేసుంటే ఇంతమంది పిల్లల సాకిరీ నాకు తప్పును గదా!" అని సాధించేది.

ఒకరోజు కొండ దిగుతుండగా గుండు పేలి ఇనప ముక్క ఆయన పిక్కలో దిగింది. ఎవరో తెల్ల పొడి చల్లి గుడ్డ చుట్టారు. అంతవరకు మోసినవాడిని ఇప్పుడు వేరేవాళ్ళు మోశారు. దారి తెగిపోయింది. ఒక వెదురు పాకలో గాయపడ్డవాళ్ళని పడుకోబెట్టి వదిలేశారు. ఆయన కట్టు వదులైంది, ఈగలు దూరాయి. కొన్నాళ్ళకి కట్టు లోపల ఏదో కదులుతోందని తెలిసింది. ఎత్తి చూసుకుంటే పురుగులు.

పటాలానికి బయల్దేరే ముందు కోడిపుంజు తగవులో మా పెద్దమ్మ ఆయన్ని అదే తిట్టు తిట్టి పంపింది. అది తగిలేసిందనుకున్నాడు. ఏడ్చాడు. పక్క మంచం మీద ఒక పంజాబీ సిపాయి. అతని కట్టు బిగుతుగా, శుభ్రంగా ఉంది. ఒక్క ఈగ వాలలేదు. మా అయ్య అతన్ని చూసి అదృష్టవంతుడనుకున్నాడు.

చివరికి పెద్ద గుడారపు ఆసుపత్రికి చేర్చారు. కళ్ళద్దాల బెంగాలీ డాక్టరు మొదట ఆ పంజాబీ కట్టు విప్పాడు. విప్పగానే చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. కాలు తొడ దాకా నీలంగా ఉబ్బిపోయింది. తీసేశారు గానీ అతను బతకలేదు. తర్వాత మా అయ్య కట్టు విప్పాడు. పురుగులు జలజలా రాలాయి. డాక్టరు వంగి చూసి, నవ్వి, "నాకంటే బాగా పని చేశాయి, కుళ్ళంతా తినేశాయి" అన్నాడట హిందీలో. కింద మాంసం ఎర్రగా ఉంది. మా అయ్యకి కుంటి నడక మిగిలింది, కాలు మిగిలింది.

ఊళ్ళో ఈ సంగతి చెబితే ఎవరూ నమ్మలేదు. "పురుగుల సిపాయి" అని పేరు పెట్టారు. అబద్ధం చెప్పుకుంటున్నాడని కొందరు, పాపం చేసి ఉంటాడని కొందరు. పురుగులు మనిషికి మేలు చేయడమేమిటని నాకూ లోపల అనుమానమే ఉండేది. అప్పుడే మా అమ్మ ఆ మాటని ఇంట్లోంచి తరిమేసింది.

నేను ముగించేసరికి డాక్టరమ్మ తలూపుతూ ఏదో అంది. "పాత యుద్ధాల్ల డాక్టర్లు గూడ ఇదే చూసిన్రట అమ్మా. మీ నాయన చెప్పింది నిజమేనట" అన్నాడు ఫోన్లో ఆయన.

"అది నాకు తెలుసు గానీ, ఈవిడ పురుగులు ఎలాంటివో అడుగు. బతికిన మాంసం తినేవి కూడా ఉంటాయని మా అయ్య సెప్పేవోడు."

ఇవి ఆ జాతి కావట. మందుకోసమే శుభ్రంగా పెంచినవట. ఏం పెట్టి పెంచారని అడిగించాను. డాక్టరమ్మకి తెలియలేదు, కనుక్కుంటానంది. తెలియదని చెప్పినందుకు ఆమె మీద కొంచెం నమ్మకం కలిగింది. నా ముందే సంచి విప్పాలి, నాకు చూపించే పెట్టాలి అన్నాను. సరే అన్నారు.

టీ పొడి సంచిలాంటి పలచని సంచి. లోపల బియ్యపు నూకంత పురుగులు. పుండు మీద పరిచి గాలి ఆడేలా కట్టు కట్టారు. తడపకూడదు, దాని మీద బరువు పెట్టకూడదు. ఇంటికొచ్చాక మా అల్లుడు నేను హాల్లో ఉంటే వంటింట్లో తిన్నాడు, వంటింట్లో ఉంటే హాల్లో తిన్నాడు. మా అమ్మాయి పగలంతా సోఫా ఆ కొసన కూర్చుని, "ఏమైనా తెలుస్తోందా?" అని అడిగేది.

"ఏటీ తెలీదే. పని సేస్తున్నాయో, తొంగున్నాయో."

అదే నా బెంగ. మా అయ్యకి కదలిక తెలిసింది. నా పాదానికి స్పర్శే లేదు. చచ్చిన పురుగుల్ని ఇచ్చారేమో అనుకున్నాను. కట్టు వైపు వంగి చూసేదాన్ని. కట్టు మీద గోధుమరంగు తడి ఊరింది. నర్సుకి ఫోన్ చేయించాను. అది మంచిదే, కరిగిన కుళ్ళు అంది. సరే, చూద్దాం అన్నాను.

నర్సు ఇంటికే వచ్చి కట్టు విప్పింది. నేను కళ్ళజోడు పెట్టుకుని, మా అమ్మాయిని పక్కన నిలబెట్టి చూశాను. నూకంత ఉన్నవి మెతుకులంత అయ్యాయి, కదులుతున్నాయి. కింద నలుపు దాదాపు లేదు. ఒక మూల గోరంత మిగిలింది. తక్కినదంతా అప్పుడే కోసిన టమాటాలా ఎర్రగా ఉంది. వాసన లేదు. నేను పాదం మీదికి ముక్కు వంచి మరీ చూశాను. నర్సు ఫోటో తీసి డాక్టరమ్మకి పంపింది. జవాబు అప్పుడే వచ్చింది. మా అమ్మాయి చదివింది.

"వేళ్ళు తీయక్కర్లేదంటోంది అమ్మా. ప్రస్తుతానికి."

"ప్రస్తుతానికి అని ఆవిడందా, నువ్వు కలిపినావా?"

"ఆవిడే అంది. ఇదిగో, చూడు."

చూస్తే నాకేం తెలుస్తుంది? కానీ "ప్రస్తుతానికి" అన్న మాటని దాచకుండా చెప్పింది కదా.

నర్సు ఆ సంచిని పసుపు రంగు కవర్లో వేసి మూతి బిగిస్తోంది. కాల్చేస్తారట. మా అయ్యకి గుడారంలో ఎవరో వాటిమీద మందు నీళ్ళు కుమ్మరించి ఊడ్చేశారట. "వాటికో దణ్ణం కూడా పెట్టనేదమ్మా" అని ముసలితనంలో అనేవాడు. నేను రెండు చేతులూ జోడించాను. నర్సు తనకే అనుకుంది. గ్లవ్స్ చేతులతోనే "నమస్తే" అని తలవంచింది. నేను సరిదిద్దలేదు.

ఆమె వెళ్ళాక మా అమ్మాయి గుమ్మం దగ్గరే నిలబడి గొంతు సవరించుకుంది. "అమ్మా, ఆ మూల మిగిలింది కదా. వచ్చే వారం ఇంకోసారి…" అని ఆగింది. నేను చూస్తూ ఊరుకున్నాను. "ఇంకోసారి పురుగులు పెడతారు" అంది.

"కొత్తవేనా?" అన్నాను.

"అంటే?"

"ఇంకెవరి కాలికో ఎట్టి తీసినవి కావు గదా? అడుగు."

"అమ్మా!"

"అడగవే."

అది నుదురు కొట్టుకుని ఫోను తీసింది.